చిల్లర

గేటు దగ్గర మోడినాత్ చెప్పింది:
"కళ్ళు తోముకుని వెళ్ళు."
చింతపండుతో ఇత్తడి చెంబు తోమినట్టు
లాగోస్‌లో జనం కళ్ళు తోముకుంటారట
రోజూ, బస్సెక్కే ముందు.
గొళ్ళెం వేస్తూ ఇంకేదో కూడా అంది.
జనరేటర్ మోతలో నాకు సగమే వినిపించింది,
చిల్లర... చిల్లర...

ఒబలెండెలో బస్సు.
ఒళ్ళంతా పసుపు పూసుకుని
నడుముకు నల్లచారలు కట్టుకుని
తలుపు మాత్రం ఎప్పుడో పుట్టింట్లోనే వదిలేసి వచ్చింది.
కండక్టరు కుర్రాడు లోపలా లేడు, బయటా లేడు
ఒక కాలు మెట్టు మీద, మిగతా ఒళ్ళు గాలి మీద.
"యాబా యాబా యాబా"
తప్పిపోయిన మేకను పిలిచినట్టుంది.

ముగ్గురు పట్టే బల్ల మీద నాలుగోదాన్ని నేను.
పక్కనావిడ ఒళ్ళో ఎనామెల్ బేసిన్.
చేపలన్నీ తెల్లారకముందే అమ్మేసిందట.
పొగ వాసన మాత్రం ఇంకా అమ్ముడుపోలేదు.

వంతెన ఎక్కాం. ఎంతకీ దిగదు ఆ వంతెన.
ఎడమవైపు ఉప్పునీళ్ళలో
మోకాళ్ళదాకా చీర ఎత్తిపట్టుకున్నట్టు
కొయ్యకాళ్ళ ఇళ్ళు, వాటి మీద పొగ.
ఫోను తీశాను.
దీపానికి గాలి అడ్డినట్టు
ఆవిడ దాని మీద అరచెయ్యి పెట్టింది.
"అది మా వంటిల్లు."
ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

అడెకున్లే దగ్గర దిగాం.
నేనిచ్చింది వెయ్యి నైరాలు, ఆవిడిచ్చిందీ వెయ్యే.
చెరో ఐదువందలు తిరిగి రావాలి.
కండక్టరు ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి
ఒకే వెయ్యి కాగితం నా చేతిలో పెట్టి
"మీరిద్దరూ కలిసి" అన్నాడు.
ముహూర్తం లేదు, అక్షింతలు లేవు.
కొంగుముడి వేసేసి
బస్సు గోడ మీద రెండు దెబ్బలు కొట్టి
వెళ్ళిపోయాడు పురోహితుడు.

రోడ్డు మీద మిగిలాం
నేను, సెనామి, మా ఇద్దరి వెయ్యి.
పేరు అప్పుడే చెప్పింది.
డబ్బు కలిశాక పేరు దాచుకోకూడదట.

నీళ్ళ సంచులమ్మే పిల్ల లేదంది.
ఫోను కార్డులాయన గొడుగులోంచి తలే బయట పెట్టలేదు.
కార్డు గీకే మిషను ముందు కూర్చున్న అమ్మాయి
కాగితాన్ని ఎండకెత్తి చూసి
"మంచిదే. చిల్లరే లేదు."
ఇంత ఊళ్ళో రెండు ఐదువందలు లేవా అన్నాను.
"ఉన్నాయి, దాచుకున్నారు" అని నవ్వింది సెనామి.

కాగితం పట్టుకుని నేను ముందు నడుస్తుంటే
ఆవిడ రెండడుగులు వెనక,
నా పిడికిలి మీంచి చూపు తీయకుండా.
నాకు చిన్నతనమనిపించి, పట్టుకోమని ఆవిడకే ఇచ్చేశాను.
అప్పుడు తెలిసింది
ఆవిడ పిడికిలిని నేనూ అలాగే చూస్తున్నానని.

టైర్ల సందు, పాతబట్టల గుట్టలు,
మురుక్కాలవ మీద ఊగే చెక్కపలక.
దాటేటప్పుడు చెయ్యి అందించింది,
కాగితం ఉన్న చెయ్యే.
వేళ్ళ మధ్య మా వెయ్యి చెమటకు మెత్తబడింది.
నా చీటీలో ఉన్నవేమో మ్యూజియం, సముద్రం.
సముద్రం ఎటుందని ఒకణ్ణి అడిగితే
ఎందుకు, ఏం పోయింది అక్కడ, అన్నాడు.

చివరికి బొగ్గుల మీద అరటికాయలు కాల్చే ముసలమ్మ.
"కొంటే ఇస్తాను."
రెండువందలకు చెరో కాయ, పిడికెడు వేరుశనగ గింజలు.
సెనామి ఏదో భాషలో పోట్లాడింది,
ఇంకో నాలుగు గింజలు రాలాయి.
మిగిలిన ఎనిమిది వందలూ
రెండుసార్లు లెక్కపెట్టి సగం నాకిచ్చింది.

లెక్క తీరింది. ఎవరి దారి వాళ్ళది.
కానీ కాయలింకా సగం ఉన్నాయి, కాలుతున్నాయి.
ఊదుకుంటూ తిన్నాం, ఒకరినొకరం చూసుకోకుండా.
తర్వాత బేసిన్ నెత్తిన బోర్లించుకుని వెళ్ళిపోయింది
వానకి గొడుగు వేసుకున్నట్టు.
వాన ఇంకా రాలేదు. ఐదు నిమిషాల్లో వచ్చింది.

రాత్రి మోడినాత్ అడిగింది, సముద్రం చూశావా అని.
నాలుగు వందలూ బల్ల మీద పెట్టాను.
వాసన చూసింది.
"గేటు దగ్గర చెప్పానుగా, చిల్లర పట్టుకెళ్ళమని."
డబ్బాలోంచి వంద కాగితాలు లెక్కపెట్టి
రేపటికని ఇచ్చింది.
తీసుకున్నాను.
బస్సులో మాత్రం బయటికి తీయలేదు.